ఖాళీ పేజీల కింద సంతకం

నేను డిగ్రీ ఇంటర్న్‌షిప్ ముగించిన వారమే, ఉయ్యూరు బస్సులో నా పక్కన ఒకమ్మాయి కూర్చుని లాగ్‌బుక్ నింపుతోంది. పేజీకో పెన్ను మారుస్తోంది. ఇంకా నింపాల్సిన పేజీలన్నీ ఖాళీ, కింద మాత్రం సంతకాలున్నాయి. నేను రెండు నెలలు పనిచేసిన డెయిరీ మేనేజరుగారి సంతకాలు. నేను జ్వరమొచ్చి ఒక్కరోజు మానితే, ఆ పేజీ మీద సంతకం పెట్టనన్న మనిషి ఆయన.

"నేనూ అక్కడే చేశానండి," అన్నాను.

"అవునా? రోజూ ఏం చేయిస్తారండీ? నేను ఒక్కరోజూ వెళ్లలేదు. వైవాలో అడుగుతారంట."

ఎందుకో అన్నీ చెప్పాను. పాలలో వెన్న శాతం చూస్తూ చేతి మీద యాసిడ్ ఒలకబోసుకున్న సంగతి కూడా. అది తన చేతి మీదే పడినట్టు రాసుకుంది.

మచ్చ మాత్రం ఇప్పటికీ నా చేతి మీదే ఉంది.