ముందే తెగిన రెండు పట్టీలు

మా టెస్టింగ్ ల్యాబ్ మాస్టారు పోయారని పోయిన సోమవారం బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆటోలో ఉండగా ఫోన్లో చూశాను. డిపార్ట్‌మెంట్ గ్రూపులో వరసగా దణ్ణాల బొమ్మలు పడుతున్నాయి. ఏడుపు రాలేదు. నెలల తరబడి సరైన నిద్రలేని మనిషికి ఏదీ వెంటనే రాదేమో. ఆటో దిగి మాస్టారి ఊరు ఉయ్యూరుకి బస్సెక్కాను.

ఆయన ఉద్యోగం టెక్నీషియన్. ప్రొఫెసర్లతో సహా మా ఇంజనీరింగ్ కాలేజీలో అందరూ మాస్టారనే పిలిచేవారు. నా పరిశోధన చెరకు పిప్పి మీద. పిప్పి నుంచి తీసిన నారను, వేడికి కరిగే థర్మోప్లాస్టిక్‌లో కలిపి కాంపోజిట్ పట్టీలుగా పోస్తాను. అవి ఎంత బరువుకు తెగుతాయో ఆయన మిషన్ మీద చూడాలి. నాకు పిప్పి మేడమ్ అని పేరు పెట్టింది ఆయనే. తమ ఊరి చక్కెర ఫ్యాక్టరీ వాసన బస్సు దిగినా వదలడం లేదని నవ్వేవారు.

పట్టీ టప్పున తెగగానే మేమంతా కంప్యూటర్ వైపు చూసేవాళ్లం. ఆయన మాత్రం కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ముక్కను కిటికీ దగ్గరికి తీసుకెళ్లేవారు. అంకె ఎక్కడికీ పోదు, ముందు ఎట్టా తెగిందో చూడండి అనేవారు.

నెల కిందట, ముసురు రోజుల్లో, థీసిస్‌కి ఆఖరి బ్యాచ్ మిషన్ మీద లాగించాను. ఐదు పట్టీల్లో రెండు సగం బరువుకే తెగాయి. గడువు అప్పటికే రెండుసార్లు పెంచారు, ఇక పెంచరు. ఆ రెండూ చెత్తబుట్టలో వేసి, మూడింటికే సగటు కట్టి మాస్టారి సంతకానికి పెట్టాను.

ఆయన వంగి బుట్టలోంచి తీశారు. తెగినచోట సన్నటి బుడగలు.

"నార ఆరబెట్టాక ఎంతసేపు బయట వదిలేశావమ్మాయ్?"

భోజనానికెళ్లాను, ఓ గంట అన్నాను.

"ఈ వానల్లో అప్పడాల డబ్బా మూత తీసి పెడితే ఏవవుద్ది? ఇదీ అంతే. ఆ చెమ్మే ఈ బుడగలు."

ఐదూ రాసి, రెండు ఎందుకు తెగాయో కూడా రాస్తేనే సంతకమన్నారు. మీకేమండీ, మీకు సబ్మిషన్ లేదుగా అనేశాను. ఆయన కోప్పడలేదు.

"రేపు దీంతో ఎవరో బస్సు సీటు చేస్తారు. కూర్చునేది మనోళ్లేనమ్మా."

పంతానికి పోయి ఆ కాగితం బ్యాగులోనే ఉంచుకున్నాను. ఈలోగా ఆయన సెలవు పెట్టారు. జ్వరమనుకున్నాం. గుండె అని తర్వాత తెలిసింది.

నేను వెళ్లేసరికి ఇంటి దగ్గర ప్రార్థన అయిపోయింది. కుర్చీలు సర్దుతున్నారు. ఆయన భార్య నన్ను పరీక్షగా చూసి, పిప్పి మేడమ్ మీరేనా అన్నారు.

"ఆస్పత్రిలో కూడా అడిగారండీ, ఆ పిల్ల కాగితం తెచ్చిందా అని. కంగారు పడతా ఉంటదన్నారు."



నిన్న థీసిస్‌లో ఐదు విలువలూ ఎక్కించాను. కారణం దగ్గర నా గంట భోజనం గురించి ఉన్నదున్నట్టు రాశాను. వైవాలో దీని మీదే పట్టుకుంటారమ్మా అన్నారు గైడ్ గారు. తెలుసండీ అన్నాను. టెక్నీషియన్ సంతకం గడి ఖాళీగా ఉందేమని ఆయన అడగలేదు.

విలువలు ఎంత చెదిరితే గ్రాఫ్‌లో అంత పొడుగు గీత పడుతుంది. మిగతా బ్యాచ్‌లన్నిటికీ చీమంత గీతలు. ఆఖరి దానికి మాత్రం దాదాపు పేజీ అంచు దాకా, నిలువునా, ఒక్కటే నల్లటి గీత.