రోడా వంట

మా పక్కింటి రోడా భర్త మార్విన్. న్యూయార్క్ కొండల్లో యూదులు సెలవులకొచ్చే రిసార్టుల్లో నలభై ఏళ్లు కామెడీ చేశాడు. జోకులన్నీ పెళ్లాం వంట మీదే. ఆ పెళ్లామే శనివారం ప్రార్థనకి వాళ్ల సినగాగ్‌కొచ్చే వందమందికి ముందురోజే వండి పెట్టేది. అందరూ మారు వడ్డించుకుని తింటూనే ఆ జోకులు చెప్పుకుని పడీపడీ నవ్వేవారు.

మొన్న మార్విన్ పోయాడు. చావింట్లో వాళ్లని వండనివ్వరు కాబట్టి సినగాగ్ వాళ్లే భోజనం తెచ్చారు.

"రోడా, నువ్వు వండకపోవడమే మాకు మేలు!" అన్నాడొక పెద్దమనిషి. పరామర్శకొచ్చి అనాల్సిన మాటేనా అది? నాకు ఒళ్లు మండింది.

రోడా ప్లేటు పక్కన పెట్టింది. "ఆ జోకులన్నీ రాసిచ్చింది నేనే," అంది.

అబద్ధం కాదు. ఆవిడ చేత్తో రాసిన నోటుబుక్కులు నేను చూశాను.

ఇల్లంతా ఘొల్లున నవ్వింది. మార్విన్ చెప్పిన ఏ జోకుకీ వాళ్లు అంతగా నవ్వలేదు.