కరక్కాయ నరసింగరావు

ఆమదాలవలసలో నరసింగరావుకి మంచినీళ్ళివ్వాలంటే జనానికి హడలు. ఇస్తే తాగడు. జేబులోంచి కరక్కాయ పొడి తీసి గ్లాసులో వేస్తాడు. నీళ్ళు నల్లబడ్డాయా, గొట్టం తుప్పు పట్టిందన్నమాటే. ఇక మంచం కింద దూరైనా సరే, ఆ గొట్టాన్ని పట్టుకునేదాకా వదలడు.

పందొమ్మిదివందల అరవై ఎనిమిదిలో ఆయన ఊరి నీళ్ళ టాంకుకి ఓవర్సీరు. అక్కడి నీళ్ళు ఇనుముని తినేసే రకం. అందుకని రోజూ పొద్దున్నే టాంకులో సున్నపుతేట కలిపేవాడు. "సున్నం పడితే గొట్టం లోపల పూత కడతాది, తుప్పు అణుగుతాది" అని కనబడినవాళ్ళనల్లా ఆపి చెప్పేవాడు. జనం వేరే సందులోంచి తిరిగి పోయేవారు.

అంతెందుకు, అరసవల్లిలో పెళ్ళిచూపులకెళ్ళి అక్కడా పొడి వేశాడు! నీళ్ళు కాటుకలా అయ్యాయి. పెరట్లోకి పరిగెత్తి గొట్టం చూసొచ్చాడు గానీ, పిల్లని చూడ్డం మరిచాడు.

"ఏటి బాబూ, నచ్చినాదా?" అన్నాడు పిల్ల తండ్రి.

"మార్సీయాలండి. లోపలంతా పుచ్చిపోనాది!"

మరో సంబంధం రాలేదు. టాంకు పక్క గదిలో వండుకుని, ఒక్కడూ తిని, పంపుతో కబుర్లు చెప్పుకునేవాడు. పంపు ఆగితే గది బావురుమనేది.

ఒకనాడు టాంకు వీధిలోనే ఉండే లక్ష్మణమ్మ ఇంటిముందు గోల. కొత్తకోడలు చిన్నతల్లి గుమ్మంలో మూటతో కూర్చుని ఏడుస్తోంది.

"ఏటయింది లక్ష్మణమ్మా?" అన్నాడు అటుగా వస్తున్న నరసింగరావు.

"ఏటవ్వాలి బాబూ! దీని సెయ్యి పడితే సాలు, పప్పు నల్లబడిపోతన్నాది. అచ్చిరాని సెయ్యి! సాయంత్రం బండికి పుట్టింటికి తోలేస్తన్నాను!"

నరసింగరావు పప్పు నాలిక్కి రాసుకున్నాడు. మాడు. శుద్ధ మాడు! గొట్టమా, నిరుడు తను దగ్గరుండి వేయించిందే, నిక్షేపంలా ఉంది. కానీ ఆ పిల్ల ఏడుపు చూస్తే ఆయన గుండె కలుక్కుమంది.

"ఉండండి, సెంబు తెస్తాను" అని గదికి పరిగెత్తాడు. పొడి పనిచేస్తోందో లేదో చూసుకోడానికి, తుప్పుమేకులు నానేసిన చింతపండు నీళ్ళు ఆయన దగ్గర ఎప్పుడూ ఉండేవి. వాటిని చెంబు అడుగున కాసిని పోసుకొచ్చి, కొళాయి నీళ్ళు పట్టి, అందరి ఎదుటా పొడి వేశాడు. సిరాలా నల్లబడింది.

"సూసినారా! తప్పు పిల్లది కాదు, గొట్టానిది. ఏసినోడు ఒట్టి ఎదవ!"

"ఏసింది నువ్వే కద బాబూ?" అంది లక్ష్మణమ్మ.

"నేనే! నా సున్నమూ పన్సెయ్యలేదు!"

వీధంతా విరగబడి నవ్వింది. ఏ సున్నం కోసం ఊరందరితో పోట్లాడాడో దాన్నే తిట్టుకోవాల్సి వచ్చేసరికి ఆయన తల దించుకుని చెంబులో నీళ్ళు పారబోశాడు.

"గొట్టం మార్సీస్తాను. సిన్నతల్లీ, ఈ నీళ్ళకి సన్నసెగే పడతాది. పప్పెట్టీసి పొయ్యికాడి నుంచి కదలకు, తెలిసినాదా?"

చిన్నతల్లి కళ్ళు తుడుచుకుంది. లక్ష్మణమ్మ నాలిక్కరుచుకుని, మూట తనే లోపలికి మోసుకెళ్ళింది. "ఆదివారం బోజనం మా ఇంటికాడే బాబూ. నీళ్ళు బాగుపడ్డాయో లేదో నువ్వే సెప్పాల."

ఆదివారం కొత్త గొట్టం నీళ్ళతో వండారు. పప్పు మళ్ళీ మాడింది! లక్ష్మణమ్మ ఆయన మొహంలోకే చూస్తోంది. నరసింగరావు ముద్ద మింగాడు. మనిషన్నవారు పక్కన కూర్చుని ఆయనకి వడ్డించి ఎన్నేళ్ళయిందో!

"అమృతంలాగుంది. ఇంకో రెండు గరిటెలు ఎయ్యి తల్లీ" అన్నాడు.

చిన్నతల్లి సంబరపడిపోయి, గిన్నె అడుగు గోకి మరీ వడ్డించింది.