ఇంజనులో గాలి

నా చిన్నప్పుడు గాలి అంటే నాకు దెయ్యం. ఇది విని మా మనవలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు గాని, భిలాయిలో పుట్టి, హిందీ బడిలో చదివి, తెలుగు ఇంట్లో మాత్రమే విన్న పిల్లల తిప్పలు వాళ్ళకేం తెలుసు? చెట్టు కొమ్మల్ని ఊపేదీ, ఫ్యాను కింద చల్లగా తగిలేదీ నాకు హవా. గాలి అనే మాట నేను విన్నది మా నాయనమ్మ నోటనే. నాకు ఒళ్ళు వెచ్చబడితే చాలు, గుంటకి, అంటే ఆడపిల్లకి, గాలి సోకింది అంటూ దిష్టి తీసి, ఇంత విభూతిని గుడ్డపీలికలో మూటగట్టి, ఎర్రదారంతో నా మెడలో వేసేది. అందుకని గాలి అంటే కంటికి కనబడకుండా లోపల దూరి, కదలకుండా కూర్చుని పీడించేదని నాకు గట్టి నమ్మకం.

మా తాతయ్య విశాఖ రేవులో లాంచీ డ్రైవరుగా చేసి, పని మానేశాక భిలాయిలో మా నాన్న దగ్గరికి వచ్చేశాడు. ఉక్కు ప్లాంటు గొట్టాల పొగ తప్ప మరేమీ కనబడని ఊళ్ళో ఆయనకి పొద్దుపోయేది కాదు. ఆ ఏడు మా బాబాయి కుమ్హారి అనే ఊరి దగ్గర ఏటి ఒడ్డున కాస్త పొలం తీసుకుని టమాటా వేశాడు. ఏటి నీళ్ళు పైకి తోడడానికి ఇంజను కావాలి. తాతయ్య రేవులో పాత స్నేహితులకి ఉత్తరం రాసి, విరగ్గొట్టేసిన లాంచీలోని డీజిలు ఇంజనొకటి గూడ్సు బండిలో తెప్పించాడు. మా క్వార్టరు పెరట్లో జామచెట్టు కింద దాన్ని మొత్తం విప్పి, ఒక్కొక్క ముక్కా కిరసనాయిలుతో కడిగి, అరిగినవి మార్చి, రెండు నెలలు కూర్చుని మళ్ళీ కట్టాడు. నేల మీద పడవ ఇంజనేమిటని వీధిలో అందరూ ఆటపట్టించేవారు. ఆయన వినిపించుకునేవాడు కాదు. ఆ రెండు నెలలూ ఆయన చేతుల వణుకు తగ్గిందని నాయనమ్మ అందరికీ చెప్పుకునేది.

నేను నట్లు ఎత్తుకుపోయి గచ్చకాయలు ఆడుతున్నానని బాబాయి ఒకసారి నన్ను బెదిరించాడు. ఈ ఇంజను నడిపినోడు లాంచీతో పాటే మునిగిపోయేడట, దీన్ని ముట్టుకుంటే ఊరుకోడు అన్నాడు. నవ్వుతూ అన్నాడనే గుర్తు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ రోజు నుంచి పెరటి తలుపు దగ్గరికి ఒంటరిగా వెళ్ళడం మానేశాను. ఇనుము మీద తాతయ్య చెవి ఆనించి వింటుంటే, లోపలున్నవాడితో మాట్లాడుతున్నాడేమో అనుకునేదాన్ని.

ఎండలు ముదిరిన ఒక ఆదివారం ఇంజనుని ఏటి ఒడ్డున బిగించారు. నన్నూ తీసుకెళ్ళారు. టమాటా మొక్కలు అప్పటికే తలలు వాల్చేశాయి. ఇంకో రెండు రోజులు నీళ్ళు అందకపోతే పంట మీద ఆశ వదులుకోవడమే అని దారిపొడుగునా బాబాయి అంటూనే ఉన్నాడు. హ్యాండిలు పెట్టి తిప్పడం మొదలుపెట్టాడు. తిప్పాడు, తిప్పాడు, చొక్కా తడిసిపోయింది. ఇంజను ఉలకలేదు, పలకలేదు. తాతయ్య పొగగొట్టం వైపే చూస్తున్నాడు. పొగ కాస్తయినా రాలేదంటే డీజిలు లోపలికి వెళ్ళడం లేదని ఆయన లెక్క. వంగి గొట్టాలు తడిమి చూసి, తాపీగా ఒక మాట అన్నాడు.

"లోపల గాలుందిరా. అది పోతే గాని ఇది లెగదు. కూడు తిన్నాక నేనే తీస్తాను."

అయితే బాబాయి చెప్పింది నిజమే. మునిగిపోయినవాడు లోపలే ఉన్నాడు. వాడిని తాతయ్య తన చేతులతో బయటికి తీస్తానంటున్నాడు! తీస్తే వాడు ఊరుకుంటాడా? వాళ్ళిద్దరూ తుమ్మచెట్టు నీడన క్యారియరు విప్పుకుంటుంటే, నేను దాహమని చెప్పి ఇంజను దగ్గరికి వెళ్ళాను. మెడలోని విభూతి మూట తెంపి, డీజిలు టాంకు మూత తీసి లోపల పడేశాను. నన్ను పట్టిన గాలిని వదిలించిన మూట దీన్నీ వదిలిస్తుందని నా తెలివి. తిరిగొచ్చి ఏమీ ఎరగనట్టు ముద్ద కలుపుకున్నాను.

తిన్నాక తాతయ్య డీజిలు గొట్టం మీది ఒక చిన్న మర వదులు చేశాడు. బుసబుసమని నురగ వచ్చింది. నురగ తగ్గాక మర బిగించి తిప్పమన్నాడు. ఇంజను రెండుసార్లు దగ్గి, తెల్లటి పొగ వదిలి, ఆగిపోయింది. మళ్ళీ మర వదులు చేస్తే చుక్క రాలేదు. టాంకు నిండా డీజిలుంది, కిందికి మాత్రం రావడం లేదు. మళ్ళీ మళ్ళీ విప్పాడు, బిగించాడు. ఒకసారి హ్యాండిలు వెనక్కి తన్ని బాబాయి మణికట్టు వాచిపోయింది. విభూతి వేసినందుకు లోపలివాడు కోపగించాడనుకున్నాను. పొద్దు వాలుతోంది. తాతయ్య చేతులు మళ్ళీ వణకడం మొదలైంది. రేవులో నలభై ఏళ్ళు చేసిన పని చేతులు మర్చిపోయాయేమోనని ఆయన మొహంలో భయం. పెద్దవాళ్ళు భయపడతారని నాకు అంతవరకూ తెలియదు. అది చూశాక ఇక నన్ను కాచేవాళ్ళు లేరనిపించింది.

అంతలో తాతయ్య లేచి, నువ్వు తప్పుకో, నేను తిప్పుతాను అని హ్యాండిలు అందుకున్నాడు. నేను పరుగెత్తుకెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని గొంతు చించుకున్నాను. తిప్పకు తాతయ్యా, గాలి నిన్ను తీసుకుపోతుంది, నేను విభూతి వేసినా పోలేదు అని ఏడుస్తూ అంతా చెప్పేశాను. బాబాయి చెయ్యెత్తాడు. తాతయ్య ఆ చేతిని మధ్యలోనే ఆపాడు. నా వైపు తిరిగి, నెమ్మదిగా అడిగాడు.

"మీ బడిలో గాలినేటంటారే?"

"భూత్" అన్నాను.

ఆయన నవ్వలేదు. ఆ ఒక్క సంగతికే నేను ఆయనకి జన్మంతా రుణపడి ఉన్నాను. కింద కూర్చుని నన్ను ఒళ్ళోకి లాక్కున్నాడు. "ఓసి పిచ్చి తల్లీ, హవా! నేనన్నది హవా."

తర్వాత టాంకు దింపి డీజిలంతా వంచేస్తే, అడుగున గొట్టం మూతికి నా మూట అతుక్కుని కనబడింది. డీజిలులో కలిసిన బూడిద ఫిల్టరు దాకా వచ్చి ఆగింది. ఇంకాస్త ముందుకెళితే పంపు పాడయ్యేదని ఆయన అన్నాడు గాని, ఆ మాట కూడా కోపంగా అనలేదు. అన్నీ కడిగి, ఫిల్టరు మార్చి, మంచి డీజిలు పోశాక, మర నా చేత వదులు చేయించి, నా వేలు అక్కడ పెట్టించాడు. బుడగలు చక్కిలిగింతల్లా తగిలాయి. ఇదే గాలి, సూడు, దీనికా భయపడ్డావు అన్నాడు. బుడగలు ఆగి చల్లటి డీజిలు వేలి మీదుగా కారింది. బిగించమన్నాడు. బాబాయి ఎడమచేత్తో, తాతయ్య రెండు చేతులతో కలిసి తిప్పారు. ఇంజను దగ్గి, ఇంకా దగ్గి, ఒక్కసారిగా అందుకుంది. ఏటి నీళ్ళు గొట్టంలోంచి కాలవలోకి దూకాయి. నేను ఇంకా ఆయన పంచె వదల్లేదు.

మూట ఏదని నాయనమ్మ అడిగితే, ఏట్లో పడిపోనాదని తాతయ్య తడుముకోకుండా అబద్ధమాడాడు. ఆ రోజు నుంచి నాతో ఏ మాటన్నా ముందు తెలుగులో చెప్పి, పక్కనే హిందీలోనూ చెప్పేవాడు. నీడ, ఛావ్. తుప్పు, జంగ్. నేను తెలుగు బాగా నేర్చి, ఆయన అక్షరదోషాలు దిద్దే వయసుకొచ్చినా ఆ అలవాటు మానలేదు.

పదేళ్ళ తర్వాత ఆసుపత్రి మంచం మీద ఆయనకి ఊపిరి అందడం లేదు. నేను పక్కనే ఉన్నాను. కిటికీ వైపు చెయ్యి చూపించి "గాలి" అన్నాడు. నాకు అర్థమైంది, లేచాను కూడా. అయినా ఆయన కష్టపడి, ఇంకో ఊపిరి కూడదీసుకుని, "హవా" అన్నాడు. నేను భయపడతానేమోనని.

ఇవాళ్టికీ నాకు భయాలు తక్కువేమీ కాదు. ఎవరైనా ఒక మాటతో నా గుండె ఆపితే, ఆ మాటకి మీ దగ్గర అర్థమేమిటని అడుగుతాను. నా మాటకి ఏ పిల్లైనా బిగుసుకుపోతే, వెంటనే ఇంకో మాట వెతుకుతాను.