పిన్ని ఊళ్లో, ఫోను లేకుండా

ఆ వీడియో అర నిమిషం కూడా ఉండదు. అందులో నేను ఒక ముసలావిడ చెయ్యి పట్టుకుని గట్టిగా వెనక్కి లాగుతాను. "కదలొద్దని చెప్పానా లేదా?" అని అరుస్తాను. ఆవిడ ఏడుస్తుంది. అంతే.

అంతకు ముందు జరిగింది అందులో లేదు. నేను గుడివాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుని. ఆవిడకి తుంటి ఎముక ఆపరేషన్ జరిగిన మర్నాడు అది. బాత్రూంకి వెళ్లాలని తనంతట తనే లేచి, మంచం అంచున కాళ్లు కిందికి జార్చి దిగబోతోంది. నేను వార్డు ఆ చివరి నుంచి పరుగెత్తుకొచ్చాను. పడితే మళ్లీ ఆపరేషనే. ఆ వయసులో ఇక లేవకపోవచ్చు కూడా. ఆవిడ పడలేదు. పక్క మంచం మీది రోగి బంధువెవరో, నేను లాగిన దగ్గర్నుంచి మాత్రమే ఫోనులో పట్టాడు. పైన "ముసలమ్మని కొడుతున్న నర్సు" అని రాసి, ఊరి వార్తలు పెట్టే ఒక పేజీకి పంపాడు.

మా ఇల్లు బందర్లో. రోజూ రైల్లో గుడివాడ వెళ్లొస్తాను. ఆ వీడియో వచ్చిన మర్నాడు సాయంత్రం, ఇంటికి తిరిగొచ్చే రైలు కదిలింది. కిటికీ పక్కన కళ్లు మూసుకుని కూర్చున్నాను. నా వెనక సీట్లో ఎవరి ఫోనులోంచో ఒక ఆడగొంతు వినిపించింది. "కదలొద్దని చెప్పానా లేదా?" మనిషికి తన గొంతు బయటనుంచి వింటే వెంటనే తెలియదట. నాకు వెంటనే తెలిసింది. ఆ ఫోనులో వీడియో అయిపోయి మళ్లీ మొదటికొచ్చింది. మళ్లీ నేనే అరిచాను. "చూడు చూడు, ఎలా లాగుతోందో" అన్నాడొకతను. చున్నీ తలమీదికి లాక్కుని, బందరు వచ్చేదాకా ముఖం కిటికీ వైపే తిప్పుకుని కూర్చున్నాను.

ఆసుపత్రి వాళ్లు మెత్తగానే చెప్పారు. "కొన్నాళ్లు సెలవు పెట్టమ్మా. గొడవ సద్దుమణిగాక చూద్దాం." సెలవు పెట్టి నేను చేసిన పని ఒక్కటే, ఆ వీడియో కింద జనం రాసినవి చదవడం. చేతులు నరకాలన్నారు. ఇలాంటి దాని పిల్లల్ని చూస్తే జాలేస్తోందన్నారు. నాతో నర్సింగ్ చదివిన ఒకమ్మాయి "కాలేజీలోనూ ఇలాగే పొగరుగా ఉండేది" అని రాసింది. కాలేజీలో నాతో ఆమె మాట్లాడిన గుర్తు కూడా లేదు నాకు. ప్రతి మాటకీ మనసులోనే జవాబు రాసుకునేదాన్ని, కొట్టేసేదాన్ని, ఇంకా పదునుగా రాసుకునేదాన్ని. పొయ్యి మీద పాలు పొంగి పోయినా తెలిసేది కాదు.

మా ఆయన హైస్కూలు మేష్టారు. నెమ్మదస్తుడు. ఒక పొద్దున నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఆ యాప్‌లన్నీ తీసెయ్. ఫోనులో ఒక్కటి కూడా ఉంచకు."

"నా గురించి ఎవరేమంటున్నారో నాకు తెలియాలి కదండీ."

"తెలిసి?"

ఆ మాటకొచ్చిన కోపంతోనే ఫోను ఆయన చేతిలో పెట్టేసి, బీరువాలో పడున్న పాత బటన్ల ఫోను తీసుకుని, దివిసీమలో మా పిన్ని దగ్గరికి బయలుదేరాను. పిల్లలకి పరీక్షలు. క్రిస్మస్‌కి వాళ్లని తీసుకొస్తానన్నాడు.

చల్లపల్లిలో బస్సు మారాలి. బస్టాండులో అందరూ తలలు వంచుకుని ఫోన్లలోకి చూస్తున్నారు. ఎవరు తలెత్తినా నన్నే చూస్తున్నట్టుంది. చూడకపోతే, కావాలని చూడటం లేదనిపించింది.

పిన్ని ఊరు అవనిగడ్డ దాటి లోపలికి ఉంటుంది. బాబాయి పోయాక ఆవిడే ఉన్న కొంచెం చేనూ చూసుకుంటోంది. గుమ్మానికి అప్పటికే కాగితం నక్షత్రం వేలాడుతోంది. "చిక్కిపోయావే" అంది తప్ప, పండక్కింకా ఇన్ని రోజులుండగా ఒంటరిగా ఎందుకొచ్చావని అడగలేదు. అడగకపోవడం నన్ను ఇంకా భయపెట్టింది. ఆవిడకి తెలుసా, తెలియదా?

ఫోను లేకపోతే ప్రశాంతంగా ఉంటుందని చెప్పేవాళ్లు, దాన్ని ఎప్పుడూ వదిలి చూడనివాళ్లే అయ్యుండాలి. నాకు మాత్రం దుడ్డుకర్ర పట్టుకున్నవాడు వెనకే ఉన్నాడని తెలిసి, వెనక్కి తిరిగి చూడకూడదన్నట్టు ఉండేది. చెయ్యి మాటిమాటికీ, ఫోను దోపుకునే నడుం దగ్గరికి పోయేది. ఈపాటికి ఇంకా ఎంతమంది చూసి ఉంటారు? మా చర్చి వాళ్లు చూశారా? ఉప్పు కోసం కొట్టుకి వెళ్తే, కొట్టాయన నా ముఖం వంక రెండోసారి చూశాడు. చిల్లర కూడా తీసుకోకుండా వచ్చేశాను. ఆ తర్వాత గడప దాటలేదు.

"ఇంట్లో కూర్చుంటే కూరగాయలా వాడిపోతావ్. పద" అని పిన్నే ఒక పొద్దున చేలోకి లాక్కెళ్లింది. వరి కోసి, పనలు ఇంకా చేలోనే ఆరుతున్నాయి. నేను గట్టు దిగి రెండడుగులు వేశానో లేదో, "కిందకి చూసి నడవ్వే! మొలకలు తొక్కేస్తున్నావ్" అని అరిచింది.

వంగి చూశాను. కోసిన వరి మోళ్ల మధ్య, తడి ఇంకా ఆరని నేలలో, మినుము మొలకలు. కోతకి ముందే, వరి నిలబడి ఉండగానే మినుములు చల్లేస్తారు మా వైపు. చిన్నప్పట్నుంచీ తెలిసిన సంగతే. అయినా ఎప్పుడూ ఆగి చూసింది లేదు. కొన్ని మెడ వంచుకుని ఉన్నాయి. కొన్ని రెండాకులు విప్పుకున్నాయి. ఒకదాని తలమీద గింజ తాలూకు నల్లటి పొట్టు ఇంకా టోపీలా ఉండిపోయింది. దాని కిందనుంచి ఆకులు విడివడాలని చూస్తున్నాయి. గొంతుక్కూర్చున్నాను. అది ఊడిపోతుందేమోనని చూస్తూ ఉండిపోయాను. మంచు ఆరింది. వీపుకి ఎండ తగిలింది. నేను చూస్తుండగా అది ఊడలేదు. కానీ పొట్టు మీద నిలువునా సన్నటి చీలిక కనిపించింది. ఇందాక అది లేదు, నాకు బాగా గుర్తు.

లేచి నిలబడ్డాక తెలిసింది, అంతసేపూ నేను ఎవరికీ జవాబు రాసుకోలేదని. తెలిసిన మరుక్షణం అవన్నీ తిరిగొచ్చి మీద పడ్డాయి. అయినా మర్నాడు పిన్ని పిలవకుండానే చేలోకి వెళ్లాను.

ఒక మధ్యాహ్నం ఇద్దరం గోంగూర ఒలుస్తున్నాం. పిన్ని తల ఎత్తకుండానే అంది.

"ఆ వీడియో నేను చూశానే."

చేతిలో కాడ కింద పెట్టాను. "ఎప్పుడు?"

"నువ్వు రాకముందే. మా చర్చి ఆడవాళ్ల గ్రూపులో వచ్చింది. కొందరు తిట్టారు. ఒకావిడ, మీ అక్క కూతురిలా ఉందే అంది. అవును మా అక్క కూతురే అన్నాను."

"అంతేనా? ఇంకేం చెప్పలేదా?"

"ఏం చెప్పను? లాగావంటే లాగాల్సొచ్చే ఉంటుంది. అది నాకు తెలుసు. వాళ్లకెలా తెలుస్తుంది?"

ఏడుపొచ్చింది. దాంతోపాటు పట్టరాని కోపం కూడా. "ఇన్నాళ్లూ తెలిసే ఊరుకున్నావా పిన్నీ! నీకు తెలుసో తెలియదో అని నేను చచ్చిపోతున్నాను ఇక్కడ."

"చెప్పాలనిపిస్తే చెప్తావనుకున్నా. చెప్పకపోతే పోయె. ఆ కాడలు ఇటు పడెయ్."

ఆ వారంలోనే ఏటి అవతల లంకలో పిన్ని ఆడపడుచు వాళ్ల కొత్త ఇంటి ప్రార్థన. నేను రానన్నాను. పిన్ని వినలేదు. నాగాయలంక వెళ్లి పంటు ఎక్కాం. మనుషుల్నీ మోటారు సైకిళ్లనీ ఏరు దాటించే బల్లకట్టుని మా వైపు పంటు అంటారు. దానిమీద జనం బాగానే ఉన్నారు. నేను ఒక మూల రెయిలింగు పట్టుకుని, అందరికీ వీపు పెట్టి నిలబడ్డాను. ఒకమ్మాయి ఫోను చూసి, నన్ను చూసి, పక్కావిడ చెవిలో ఏదో చెప్పడం ఓరకంట కనిపించింది. దిగిపోదామంటే పంటు అప్పటికే ఒడ్డు వదిలేసింది.

ఏటి మధ్యకి వచ్చేసరికి వెనకనుంచి కేక. "అమ్మో, పాప! పాపకేదో అయింది!"

తిరిగి చూశాను. తల్లి చంకలో రెండేళ్ల పిల్ల. నోరు తెరిచే ఉంది, శబ్దం రావడం లేదు. పెదాలు నల్లబడుతున్నాయి. కింద సంచిలోంచి రేగిపళ్లు దొర్లుతున్నాయి. అమ్మమ్మ కాబోలు, పిల్ల నోట్లో వేలు పెట్టి వెతుకుతోంది. అలా చేస్తే పండు ఇంకా లోపలికి పోతుంది.

ఏం చెయ్యాలో నాకు తెలుసు. కానీ నేను కదల్లేదు. అప్పటికే ఇద్దరు ముగ్గురి చేతుల్లో ఫోన్లు పైకి లేచాయి. నల్లటి ఆ చిన్న అద్దాలు కనిపించగానే కాళ్లు బల్లకి అతుక్కుపోయినట్టయింది. అది ఎంతసేపో చెప్పలేను. ఒక ఊపిరంతసేపు అయ్యుంటుంది. ఆ పిల్లకి ఆ ఒక్క ఊపిరీ లేదు.

వెళ్లి ముసలావిడ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగేశాను. "వేలు పెట్టొద్దు!" అని అరిచాను. అదే చెయ్యి, అదే గొంతు. పిల్లని లాక్కుని, కింద కూర్చుని, తల కిందికి ఉండేలా తొడమీద బోర్లా వేసి, భుజాల మధ్య అరచేత్తో గట్టిగా కొట్టాను.

"ఏయ్, పిల్లని అలా కొడతావేంటి!" ఎవరో నా భుజం పట్టుకున్నారు.

"వదలవయ్యా! అది నర్సు!" పిన్ని గొంతు.

మళ్లీ కొట్టాను. మళ్లీ. పిల్ల చేతులు వేలాడిపోతున్నాయి. ఇంకోసారి కొట్టేసరికి నోట్లోంచి పండు జారి బల్లమీద పడింది. ఒక క్షణం ఏమీ వినిపించలేదు. పంటు ఇంజను కూడా వినిపించలేదు నాకు. ఆ తర్వాత పిల్ల గుక్కపట్టి ఏడ్చింది.

తల్లి నా పక్కనే కూలబడి పిల్లని గుండెకి అదుముకుంది. పెదాలకి మెల్లగా రంగు రావడం చూశాను. ఆ పెదాల వంకే చూస్తూ కూర్చున్నాను. అవతలి ఒడ్డుకి చేరాక పిల్లని ఒకసారి డాక్టరుకి చూపించమని చెప్పాను. వాళ్ల బంధువులు ఆటో కోసం పరుగెత్తారు.

మేం దిగుతుండగా చొక్కా ఇన్‌షర్టు చేసుకున్న ఒకతను ఎదురొచ్చాడు. "మేడం, మీరు... ఆ గుడివాడ వీడియోలో ఉన్నది మీరే కదండీ?"

"అవును."

"నేను మొత్తం తీశానండీ. మొదట్నుంచీ ఉంది. ఇది పెడితే ఆ తిట్టినవాళ్లందరి నోళ్లూ మూతపడతాయి. పెట్టేయమంటారా?"

నిజం చెప్తాను, పెట్టమందామనే అనుకున్నాను. నన్ను తిట్టిన ఒక్కొక్కరి పేరూ కళ్ల ముందు తిరిగింది. అతని వెనక, ఒడ్డున బురదలో కూలబడి, పమిట జారిపోయింది కూడా చూసుకోకుండా పిల్లని ముద్దులు పెట్టుకుంటున్న ఆ తల్లి కనిపించింది.

"అందులో ఆ పిల్ల తల్లి కూడా ఉంది కదండీ. ఆవిణ్ణి అడిగారా?"

"ఆవిడకేం అభ్యంతరం ఉంటుందండీ? పిల్ల బతికింది కదా."

"వద్దండీ. పెట్టొద్దు."

అతను నొచ్చుకున్నాడు. "మీ మంచికే చెప్పానండీ" అని వెళ్లిపోయాడు. పెట్టాడో లేదో నాకు తెలియదు. ఎవర్నీ అడగలేదు.

క్రిస్మస్ అయ్యాక ఆసుపత్రి నుంచి పిలుపొచ్చింది. ఆ ముసలావిడ చూపించుకోవడానికి వచ్చి, "నన్ను పట్టుకున్న పిల్లేదీ?" అని అడిగిందట. జరిగింది తనే చెప్పిందట. నన్ను మళ్లీ తీసుకున్నారు, కాకపోతే వార్డులోకి కాదు, ఆపరేషన్ థియేటరుకి. బయటివాళ్లు రాని చోటు. అది నన్ను కాపాడటానికో దాచడానికో నేను తేల్చుకోలేదు. ఎవరూ ఎక్కడా క్షమాపణ చెప్పలేదు. ఆ వీడియో ఇంకా ఎక్కడో తిరుగుతూనే ఉండొచ్చు. నడవాలో ఎవరైనా ఫోను పైకెత్తితే నాకు ఇప్పటికీ చెమటలు పడతాయి. సిగ్నలు కోసమే ఎత్తారని తెలిశాక కూడా.

మొన్న స్టాఫు గది కిటికీ అవతల చట్రం మీద ఒక కందిరీగ మట్టి తెచ్చి గూడు కడుతోంది. ఉండలా తెస్తుంది, అద్దుతుంది, చుట్టూ తిరిగి చూసుకుంటుంది, మళ్లీ ఎగిరిపోతుంది. తడి మట్టి వరస ఒకటి, దానికింద ఆరిన వరస ఒకటి. మాతో పనిచేసే అమ్మాయి చీపురు పట్టుకొచ్చింది.

"కుడుతుందక్కా. దులిపేస్తాను."

"అద్దం అవతలే కదే ఉంది. ఉండనీ."

"దాంట్లో చూడ్డానికేముంది?"

"ఇటు రా, ఇప్పుడే మట్టి తేవడానికి వెళ్లింది" అన్నాను. ఆ అమ్మాయి చీపురు గోడకి ఆనించి నా పక్కన నిలబడింది. ఇద్దరం కందిరీగ కోసం చూస్తున్నాం. ఇంతలో లోపల్నుంచి డాక్టరుగారు పిలిచారు.