శనివారం గోలీ

ఎయిర్‌పోర్టు కొత్తగా తెరిచిన రోజులవి. శంషాబాద్‌లో మా కిరాయి ఇంటి మీదుగా విమానం వెళ్లినప్పుడల్లా అత్తమ్మ మాట మధ్యలో ఆపి, అది పోయాక అక్కణ్ణించే మళ్లీ అందుకునేది. నేను ప్రైవేటు బడిలో సైన్సు టీచర్ని. ఎందుకు, ఎట్లా అని అడగడం నేర్చుకోండని పొద్దంతా పిల్లలకు చెప్పి చెప్పి, ఇంటికొచ్చేసరికి ఎవరినీ ఏదీ అడిగే ఓపిక ఉండేది కాదు. మా ఆయన టాక్సీ ఎక్కితే ఎప్పుడు దిగుతాడో తెలియదు. ఇంట్లో ఏదొచ్చినా నా నెత్తినే.

అత్తమ్మకు షుగర్ వచ్చింది. డాక్టరు రాసిన గోలీలు మింగనని మొండికేసింది.

"గా ఇంగ్లీషు మందులు నాకు వేడి చేస్తయి."

క్లోమం బొమ్మ గీసి మరీ చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. చివరికి దారి ఆమే కనిపెట్టింది. పొద్దున్నే గోలీని వెంకన్న పటం ముందు పెట్టి, దండం పెట్టుకుని, ప్రసాదం లెక్క కళ్లకద్దుకుని మింగడం మొదలుపెట్టింది. షుగర్ తగ్గింది. దేవుడి వల్లనా, మందు వల్లనా అనే తగువు నేను పెట్టుకోలేదు. మింగుతోంది, అంతే చాలనుకున్నాను.

శ్రావణమాసం వచ్చింది. శ్రావణ శనివారాలు ఆమెకు ఒక్కపొద్దు. సాయంత్రం దీపం పెట్టేదాకా మెతుకు ముట్టదు.

మొదటి శనివారం ఒంటిపూట బడి అయ్యాక ఇంటికి వచ్చేసరికి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్లంతా చెమట, చేతుల్లో వణుకు. మాట ముద్దగా వస్తోంది.

"గోలీ వేసుకున్నవా అత్తమ్మా?"

"ప్రసాదం వద్దంటరా బిడ్డా?"

ఖాళీ కడుపు మీద గోలీ. షుగర్ పడిపోతోందని అర్థమైంది. చక్కెర నీళ్లు కలిపి తెస్తే పళ్లు బిగించింది. "ఇంక దీపం పెట్టలే" అంది. ఒళ్లు మండిపోయింది. నీ ఇష్టం, పో అనాలనిపించింది కూడా. కానీ కళ్లముందే మనిషి జారిపోతుంటే కోపం ఎంతసేపు నిలుస్తుంది? పూజ దగ్గరి రాగిచెంబులో ఆ నీళ్లే పోసి, రెండు తులసాకులు తుంచి వేశాను.

"అత్తమ్మా, తీర్థం."

నోరు తెరిచింది. ఉద్ధరిణెతో కొంచెం కొంచెంగా పోస్తూ పోయాను. చెంబు సగమయ్యేసరికి వణుకు తగ్గి చూపు నిలిచింది.

"తీర్థం గింత తియ్యగుంటదా?" అంది అనుమానంగా.

అక్కడే చతికిలబడి ఏడ్చాను. ఆటోలో దవాఖానకు తీసుకెళ్తే డాక్టరు ఇద్దర్నీ కలిపి తిట్టాడు. తినకుండా ఆ గోలీ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుందని ఆమెకే సూటిగా చెప్పాడు. ఆమె పటం ముందర కూర్చున్నట్టే చేతులు కట్టుకుని విన్నది.

వారమంతా లోపల్లోపల మాటలు పేర్చుకున్నాను. ఒక్కపొద్దు మానమంటే మానదు, గోలీ మానిపిస్తే షుగర్ ఊరుకోదు. మళ్లీ శనివారం వచ్చింది. బడి బ్యాగు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఇగ నా వల్ల కాదనిపించింది.

అత్తమ్మ గోలీ చేతిలో పట్టుకుని పటం వైపు చూసింది. పైన విమానం పోయేదాకా ఆగి, అప్పుడంది:

"ఆకలి మీద మింగితే ఆయనకు గూడ కండ్లు తిరుగుతయి బిడ్డా. ముందుగాల రెండు ఇడ్లీలు పెట్టు."

పటం ముందు పెట్టాను. దండం పెట్టుకుని, ప్రసాదమని ఇడ్లీలు రెండూ తిన్నాకే గోలీ మింగింది.