మెషీన్లో పేరు లేదు

చోడవరంలో మా లేబ్‌కి కంప్యూటర్ వచ్చిన కొత్తలో, రక్తం ఇవ్వడానికొచ్చినవాళ్ళు కూడా దాన్ని చూడ్డానికే వచ్చినట్టు ఎగబడేవారు. రిపోర్టులు టైపు చేసేదాన్ని నేను. చుట్టూ ఇంతమంది మెడలు చాపుతుంటే ఇంక రహస్యం ఏటుంటుంది, నా తలకాయ!

అందుకే ఎయిడ్స్ పరీక్షలకి డాక్టరుగారు వేరే పద్ధతి పెట్టేరు. ఆయనిచ్చిన అరచేతంత ఫ్లాపీ డిస్కు పెట్టి స్విచ్చేస్తే, మెషీను తనలో ఉన్నదేదీ ముట్టుకోకుండా ఆ ఫ్లాపీతోనే లేచేది. రిపోర్టు దాన్లోనే టైపు చేసి, దాన్లోనే దాచి, ఫ్లాపీ తీసి ఆపేసేదాన్ని. తర్వాత ఎవరు మెషీను వేసినా ఆ పేరు ఎక్కడా కనిపించేది కాదు. ఫ్లాపీ నా హేండుబేగులో ఉండేది. నా వల్ల ఊళ్ళో ఎవరి బతుకూ బజార్న పడలేదని గర్వంగా కూడా ఉండేది.

ఒకరోజు అందులో మా అన్నయ్య పేరు కొట్టేను. వైజాగులో ఉజ్జోగం. జ్వరం తగ్గక ఇంటికొచ్చి పడుంటే, నేనే లాక్కొచ్చి పరీక్ష చేయించేను. 'పాజిటివ్' అన్న ఒక్క మాట కొట్టడానికి నా ప్రాణం పోయింది.

అన్నయ్య నా చెయ్యి పట్టుకుని ఏడ్చేడు. "మీ వదినకి సెప్పకే. సెప్పేవంటే ఉరేసుకుంటాను."

వదిన అప్పటికి నీళ్ళోసుకుని ఉంది. డాక్టరుగారిని అడిగితే, "అతనే చెప్పాలమ్మా" అన్నారు. అన్నయ్యని బతిమాలేను, తిట్టేను, కాళ్ళు పట్టుకున్నాను. గోడకి చెప్పుకున్నట్టే అయింది.

ఆ వారంలోనే వదిన లేబ్‌కొచ్చింది. "ఒసే గుంటా, మీ అన్నయ్య నా దగ్గర ఏదో దాస్తన్నాడు. రిపోర్టు ఏటొచ్చింది?"

పక్కనున్న టెక్నీషియన్‌కి నా ఫ్లాపీ సంగతి ఏం తెలుసు పాపం, మెషీను వేసి వెతికేడు. "ఆ పేరే లేదమ్మా ఇందులో."

"హమ్మయ్య! పేరే లేదంటే జబ్బూ లేనట్టే కదా!" అని వదిన కడుపు మీద చెయ్యేసుకుని నవ్వింది.

ఓలమ్మో, ఆ నవ్వు! చెప్తే అన్నయ్య అన్నంత పనీ చేస్తాడేమో. చెప్పకపోతే ఈమె, కడుపులో బిడ్డ ఏమైపోతారు? ముందు నుయ్యి, వెనక గొయ్యి. దేవుడా, నన్నెందుకు పుట్టించేవు అనుకున్నాను.

టెక్నీషియన్‌ని టీకి పంపేసి తలుపేసేను. మెషీను ఆపి, ఫ్లాపీ పెట్టి, మళ్ళీ వేసేను. "కూచో వదినా" అన్నాను.

వదిన పదో తరగతి దాకా చదివింది. తెర మీదున్నది తనే చదువుకుంది. ఏడవలేదు. గాజులు పైకి తోసుకుని, చెయ్యి నా ముందుకి చాపింది.

"నా రక్తం కూడా తియ్యమను. నాది మాత్రం నీ బేగులో ఎట్టకు, అందరూ సూసే మెషీన్లోనే ఎక్కించు. లేదంటే మీ అన్నాసెల్లెళ్ళు నాది కూడా నాకు తెలీకుండా దాసేస్తారు."